నాలుగు వేళ్ళు దిగిన పిండి

ఒకానొక రాజ్యంలో రాజుగారి బిరుదులన్నీ చదివి ముగించేలోపు కుండెడు అన్నం ఉడికిపోయేది. అబద్ధం అనుకుంటే మీ ఇష్టం. ఆ రాజ్యం పేరు నల్లకోన, రాజు పేరు కంఠీరవ భూపతి. చుట్టూ కొండలు, ఏడాదిలో సగం రోజులు పొగమంచు, మధ్యలో నల్లరాతి కోట. ఎండ బాగా కాసే రోజుల్లో కూడా ఆ కోట గోడలు ముట్టుకుంటే చెమ్మగా, చల్లగా తగిలేవి.

తండ్రి రాజ్యం ఏలినన్నాళ్ళూ కంఠీరవుడు మామూలు మనిషే. ముసలితనంలో తండ్రి సింహాసనం అప్పగించాక బిరుదుల పిచ్చి పట్టుకుంది. వేటలో కుందేలు దొరికితే ఒక బిరుదు, జలుబు తగ్గితే ఒక బిరుదు. తండ్రి పడుకునే గది పైకప్పు మీద బురుజు కట్టించి, దాని మీదికి బండిచక్రమంత నగారా ఎక్కించాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఆ నగారా మోగేది. ఒక్కో బిరుదుకు ఒక్కో దెబ్బ. అది మోగుతున్నంతసేపూ కోటలో ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి, కళ్ళు గట్టిగా మూసుకుని, తల వంచుకుని నిలబడాలి. కళ్ళు తెరిచినట్టు తెలిస్తే కొరడా దెబ్బలు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఒకరోజు వంటశాలలో ఇద్దరు వంటవాళ్ళు వాదులాడుకోవడం రాజు చెవిన పడింది. ఒకడు మానికతో కొలిచి వండేవాడు, రెండోవాడు త్రాసులో తూచి వండేవాడు. నీ వీశె పిండి ఎన్ని మానికలో చెప్పమని ఒకడు, నీ మానికెడు పిండి ఎంత తూగుతుందో చెప్పమని ఇంకొకడు. రాజు లోపలికి వచ్చి, అక్కడున్న మానికెడు బియ్యం తూయించాడు. ముప్పావు వీశె తూగింది.

"విన్నారుగా. మానికెడంటే ముప్పావు వీశె. ఇవాళ్టి నుంచి ఇదే మా శాసనం" అన్నాడు రాజు.

"బియ్యానికి సరే మహాప్రభూ. పిండికి, తవుడుకి, ఉప్పుకి..." అని నసిగాడు పెద్ద వంటవాడు.

"మానిక అదేనా, కాదా?"

"అదే మహాప్రభూ."

"మానిక అదే అయినప్పుడు బరువు మారడమేమిటి? మా రాజ్యంలో కొలత ఒకటి, మాట ఒకటి!"

ఇక ఎవరు నోరెత్తుతారు? ఆ శాసనాన్ని కాదనగలిగేది త్రాసు ఒక్కటే కాబట్టి, కోటలోని త్రాసులన్నిటినీ పట్టుకుపోయి ఆయుధశాలలో పెట్టి తాళం వేశారు. తూకంతో చేసే వంటలన్నీ మానికల్లోకి మార్చేశారు. ఆ ఏడు ఆవకాయ నోట పెట్టలేకపోయారు, ఒట్టి ఉప్పు. అప్పాలు వేసినవి వేసినట్టు నూనెలో విడిపోయాయి, బెల్లానికి తగ్గ పిండి పడక. రాజు మాత్రం అదంతా వంటవాళ్ళ చేతకానితనం అన్నాడు.

అలా ఉండగా తండ్రి కాలం చేసి ఏడాది కావచ్చి, ఆబ్దికం దగ్గర పడింది.

ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. ఆబ్దికానికి చేసే అప్పాలకు గోధుమపిండి ముందుగానే విసిరి, పలుచని బట్టలో జల్లించి, పోయిన మనిషి గదిలోనే ఒక రాతి తొట్టిలో అంచుల దాకా పోస్తారు. కొడుకు తన కత్తితో పైన సమంగా గీసి, సరిగ్గా మధ్యలో రాజముద్ర అద్దుతాడు. ఆబ్దికం నాటిదాకా దాన్ని ఎవరూ తాకకూడదు. రోజూ పొద్దున కొడుకు ఒక్కడే తాళం తీసి, దీపం పెట్టి వస్తాడు. తొట్టి నిండుగా ఉంటే పోయినవాళ్ళు తృప్తిగా ఉన్నట్టని వాళ్ళ నమ్మకం.

పిండి విసిరింది మాచమ్మ. చిన్నప్పటి నుంచీ కోట వంటశాలలోనే పెరిగి, అక్కడే తల నెరిసిన మనిషి. పెద్దరాజు ఆమె చేతి అప్పం తప్ప ఇంకొకరిది తినేవాడు కాదు. అందుకని ఎంతో శ్రద్ధగా, జల్లించిందే మళ్ళీ జల్లించి, ఊదితే ఎగిరిపోయేంత మెత్తగా చేసి పోసింది. రాజు కత్తితో గీశాడు. ముద్ర అద్దాడు. తాళం వేసి తాళంచెవి మెడలో వేసుకున్నాడు.

మర్నాడు దీపం పెట్టడానికి వెళ్ళి చూస్తే పిండి తగ్గింది.

ఒక మూల తగ్గితే ఎలుక అనుకోవచ్చు. ఒకచోట గుంట పడితే దొంగ అనుకోవచ్చు. ఇది అలా కాదు. తొట్టి అంతటా ఒక్కలాగే వేలెడు కిందికి దిగింది. మధ్యలో ముద్ర ముద్రలాగే ఉంది. అందులోని సింహం జూలు కూడా చెదరలేదు. అది కూడా పిండితోపాటు వేలెడు దిగి, కింది నుంచి రాజు వైపు చూస్తోంది. నేల మీద ఒక్క రేణువు లేదు, అడుగు జాడ లేదు.

మరో పొద్దున చూస్తే ఇంకొంచెం. మరో పొద్దున ఇంకొంచెం. ఆఖరికి నాలుగు వేళ్ళు దిగింది. పైన ముట్టుకోకుండా అడుగు నుంచి తినేది ఏమిటి? రాజుకు అన్నం సయించడం మానేసింది.

తలుపు దగ్గర కాపలావాళ్ళు ఇంకో సంగతి చెప్పారు.

"మహాప్రభూ, నగారా మోగినంతసేపూ మేం కళ్ళు మూసుకునే ఉంటాం. అది ఆగాక లోపల ఎవరో ఊపిరి వదులుతున్నారు. ముసలివాళ్ళు కూర్చునేటప్పుడు వదులుతారే, అలాగ."

"తాళం సందులోంచి చూశాను మహాప్రభూ" అన్నాడు రెండోవాడు. "గవాక్షంలోంచి ఎండ పడుతోంది. ఆ ఎండలో తొట్టి పక్కన తెల్లగా ఒక ఆకారం నిలబడి ఉంది. కాస్త వంగి ఉంది. చూస్తుండగానే మెల్లగా కిందికి కూలబడింది."

పెద్దరాజు చివరి రోజుల్లో నడుం వంగిపోయి ఉండేవాడు. ఆ మాట వినగానే రాజు పక్కనున్న స్తంభం పట్టుకున్నాడు.

ఆస్థాన దైవజ్ఞుడు కాలకంఠాచారిని పిలిపించారు. ఆయన గది గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండానే కళ్ళు మూసుకుని, వేళ్ళు మడిచి, నిట్టూర్చాడు.

"పెద్దవారు వచ్చారు మహారాజా. ఆకలితో వచ్చారు. పిండి చాలడం లేదు. అది విసిరిన చేతిని వెతుక్కుంటున్నారు. ఆ మనిషిని లోపల పెట్టి, తలుపు స్థానంలో గోడ కట్టించండి. లేకపోతే తరవాత వెతుక్కునేది కత్తితో గీసిన చేతిని."

కత్తితో గీసిన చేయి రాజుది. ఆ చేతిని ఆయన గబుక్కున ఉత్తరీయం కిందికి లాక్కున్నాడు. ఆబ్దికం ముందురోజు మధ్యాహ్నం మాచమ్మను గదిలో పెట్టి గోడ కట్టెయ్యమని ఆజ్ఞ అయింది. వాకిట్లో ఇటుకలు పేర్చారు. సున్నం కలిపే చప్పుడు కోటంతా వినపడుతోంది.

ఆ కొలువులో ఓబళయ్య అని ఒకడుండేవాడు. కబుర్లు చెప్పి రాజును నవ్వించడం అతని ఉద్యోగం. ఊరి చివర ఇల్లు, రోజూ ఒక ముసలి గుర్రం మీద కోటకు వచ్చేవాడు. పొడుం పీల్చే అలవాటుంది, ఎప్పుడూ చేతిలో వెండి డబ్బీ ఉండేది. నాలిక పదునే గానీ ధైర్యవంతుడేం కాదు. చిన్నప్పుడు పెద్దరాజు ఇతన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మాచమ్మ చేసిన అప్పం తుంచి నోట్లో పెట్టేవాడు. ఆ సంగతి మరిచిపోలేక, ఓబళయ్య గోడ కట్టే రోజు పొద్దున్నే మాచమ్మను బంధించిన కొట్టు దగ్గరికి పరుగున వచ్చాడు.

"చావంటే నాకు బెంగ లేదు నాయనా" అంది మాచమ్మ. "నేను గుప్పెడైనా తియ్యలేదు. ఆయన పేరు పెట్టుకుని విసిరిన పిండి నేనెందుకు తీస్తాను? కానీ ఆ గది ముందు నుంచి వెళ్తూ ఆ ఊపిరి నేనూ విన్నాను. ఆ చీకట్లో, ఆ ఊపిరి పక్కన కూర్చోవాలంటేనే కాళ్ళు చల్లబడుతున్నాయి."

ఓబళయ్య పొడుం డబ్బీ తీశాడు. మూత తెరిచి చూసి చిరాకుపడ్డాడు.

"ఇంటి దగ్గర అంచుల దాకా నింపి బయల్దేరతాను. ఇక్కడికొచ్చేసరికి పావు వంతు తగ్గిపోతుంది. రోజూ ఇంతే. ఆ పొడుం కొట్టువాణ్ణి తిట్టని రోజు లేదు, తేలిక సరుకు పోస్తున్నాడని..."

సగంలో ఆగిపోయాడు. డబ్బీ వైపు చూశాడు. మూత గట్టిగానే ఉంది. చొక్కా మీద ఒక్క రవ్వ పడలేదు. దారి పొడవునా కుదిపి కుదిపి తెచ్చిన ముసలి గుర్రం బయట సకిలించింది. సరిగ్గా అప్పుడే నెత్తి మీద పొద్దుటి నగారా మొదలైంది. మాచమ్మ కళ్ళు మూసుకుని తల వంచింది. ఓబళయ్య ఆ రోజు మూసుకోలేదు. కాళ్ళ కింద నేల సన్నగా అదరడం, చేతిలో డబ్బీలోని పొడుం దెబ్బదెబ్బకూ కిందికి దిగడం కళ్ళారా చూశాడు.

తిన్నగా కొలువుకు వెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

"మహాప్రభూ, ఒక్క సందేహం. దయ్యం తిన్నదానికి బదులుగా మాచమ్మను ఇస్తున్నాం. అది ఎంత తిన్నదో తెలుసుకోవద్దూ? మాచమ్మ బరువు ఎక్కువైతే మిగతాది తిరిగి ఇస్తుందా?"

"నాలుగు వేళ్ళు తిన్నది. మేమే చూశాం" అన్నాడు రాజు.

"నాలుగు వేళ్ళంటే ఎత్తు మహాప్రభూ. బరువెంత?"

"మా శాసనం ప్రకారం లెక్క కట్టుకో. మానికెడుకు ముప్పావు వీశె."

"ఏలినవారి శాసనం మాకు తెలుసు. దయ్యానికి తెలుసో లేదో. ఒక త్రాసు ఇప్పించండి. బరువులో చిటికెడు తగ్గినా సరే, మాచమ్మతోపాటు నన్నూ లోపల పెట్టి గోడ కట్టించండి."

కాలకంఠాచారి మీసాల్లో నవ్వుకున్నాడు. ఆ పదును నాలిక కూడా మూతపడితే ఒక్క గోడకు రెండు పనులు అవుతాయని ఆయన లెక్క.

"అలాగే కానీ" అన్నాడు రాజు.

"అయితే ఏలినవారు కూడా లోపలికి దయచేయాలి. వచ్చింది పెద్దరాజుగారు. ఆయన ముందు నిలబడే అర్హత నాకెక్కడిది?"

రాజు ముఖం పాలిపోయింది. కానీ సభ అంతా చూస్తోంది. రణభైరవుడని బిరుదున్న మనిషి రానని ఎలా అంటాడు? సింహాసనం దిగాడు. దిగుతుంటే కాలు తడబడింది, ఎవరూ చూడనట్టు నటించారు.

మధ్యాహ్నం కాబోతుండగా ఇద్దరూ గదిలోకి వెళ్ళారు. తలుపు మూసుకుంది. లోపల పచ్చిపిండి వాసన, తడిరాతి వాసన. మంచం మీద దుప్పటి మడత పెట్టినట్టే ఉంది. మంచం పక్కన పెద్దరాజు పావుకోళ్ళు, గోడకు ఆనించి ఊతకర్ర. గవాక్షంలోంచి పడే ఎండ ఒక్కటే వెలుతురు. తొట్టిలో నాలుగు వేళ్ళ లోతున సింహం ముద్ర కళ్ళప్పగించి చూస్తోంది. రాజు ఆ వైపు చూడలేక త్రాసు వైపు చూశాడు.

ఓబళయ్య మాచమ్మ జల్లించిన పిండి ఒక సంచిలో వెంట తెచ్చాడు. ఇత్తడి మానికలో నెమ్మదిగా పోశాడు. రాజు కత్తితోనే పైన సమంగా గీయించాడు. ఖాళీ మానిక బరువుకు సరితూగేలా ముందే పాసంగం కట్టి ఉంచిన త్రాసులో దాన్ని పెట్టి రాళ్ళు వేశాడు. అర వీశెకు త్రాసు ముల్లు నిటారుగా నిలబడింది.

"త్రాసు చెడిపోయింది. ముప్పావు వీశె ఉండాలి" అన్నాడు రాజు, ఆ భయంలోనూ శాసనం మరిచిపోకుండా.

"చెడితే చెడనివ్వండి మహాప్రభూ. ఇప్పుడెంత చెడిందో కాసేపయ్యాకా అంతే చెడి ఉంటుంది."

మానికను తీసి తొట్టి అంచు మీద పెట్టాడు. త్రాసునూ రాళ్ళనూ ఉన్నవి ఉన్నట్టే వదిలేశాడు.

"ఇక నగారా మోగుతుంది. కళ్ళు మూసుకోకండి. ఆ ఆజ్ఞ మాకు గానీ మీకు కాదు."

పైన మొదటి దెబ్బ పడింది.

ఆ గదిలో నగారా చెవులకు కాదు, ఎముకలకు వినపడింది. కాళ్ళ కింద రాయి అదిరింది. పావుకోళ్ళు నేల మీద టకటకమంటూ కొద్దిగా జరిగాయి, ఎవరో తొడుక్కుని అడుగు వేయబోతున్నట్టు. ఊతకర్ర గోడ మీంచి జారి కిందపడింది. తొట్టిలో పిండి సన్నగా వణికింది. అప్పుడు దాని లోపల్నుంచి ఒక నిట్టూర్పు వచ్చింది. పొడుగ్గా, అలసటగా. దానితోపాటు తెల్లటి ధూళి లేచి ఎండలోకి వచ్చింది. ఎండలో నిలబడింది. నడుం కాస్త వంగి ఉంది.

రాజు మోకాళ్ళ మీద కూలిపోయాడు.

"నాన్నగారూ! అప్పం కావాలని కబురు పంపారు. బిరుదుల పండుగ కాగానే వస్తానన్నాను. నేను వచ్చేసరికి మీరు లేరు. నాకు తెలుసు, మీరు ఆకలితోనే వెళ్ళారు. నాకు రోజూ అదే గుర్తొస్తుంది నాన్నగారూ."

ఓబళయ్యకు అంతా తెలుసు. తెలిసి కూడా అతని వీపు మీద చెమట చల్లబడింది. ఆ ధూళి ఒక్క క్షణం రాజు వైపు వంగినట్టే కనిపించింది. ఆఖరి బిరుదు మోగింది. ధూళి మెల్లగా కూలి, రాజు భుజాల మీదా కిరీటం మీదా పడింది.

ఓబళయ్య వచ్చి రాజు చేయి పట్టుకుని లేపాడు.

"మానిక చూడండి మహాప్రభూ."

మానికలో పిండి వేలెడు దిగింది.

"తిన్నారు! దీన్నీ తిన్నారు!" అన్నాడు రాజు.

ఓబళయ్య ఆ మానికను మళ్ళీ త్రాసులో పెట్టాడు. అవతల అవే రాళ్ళు. ముల్లు అటూ ఇటూ ఊగి, ఊగి, ఇందాక నిలబడినచోటే నిలబడింది. రాజు కళ్ళు నులుముకుని దగ్గరికి వంగి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఎత్తు తగ్గింది. బరువు తగ్గలేదు" అన్నాడు ఓబళయ్య. "మాచమ్మ జల్లించినప్పుడు పిండిలోకి గాలి చేరింది. కుదిపితే ఆ గాలి బయటికి పోతుంది, పిండి సర్దుకుని కూర్చుంటుంది. పోయే గాలే నిట్టూర్పు. దానితో లేచే ధూళే ఆకారం. నా పొడుం డబ్బీలో కూడా రోజూ ఒక దయ్యం తిరుగుతోంది మహాప్రభూ, ఇవాళే తెలిసింది."

దిగిన చోట మళ్ళీ పిండి పోసి, మానికను నేలకేసి తట్టి తట్టి, ఇంకా పోసి, అంచుకు గీసి తూచాడు. ఈసారి అర వీశె మీద ఇంకో రాయి వెయ్యాల్సి వచ్చింది.

"మానిక అదే. పిండి అదే. నెమ్మదిగా పోస్తే ఒక తూకం, కుదించి పోస్తే ఒక తూకం. ఇక ఉప్పుకీ తవుడుకీ ఎంత తేడా ఉంటుందో, పాపం ఆ వంటవాళ్ళు చెప్పబోయారు."

రాజు ఉప్పటి ఆవకాయను తలుచుకున్నాడు కాబోలు, గుటక మింగాడు. కానీ ఆయన ప్రశ్న వేరే ఉంది.

"సరే. కుదిపింది ఎవరు?"

ఓబళయ్య చేతులు కట్టుకుని నేల చూపులు చూశాడు. "చెప్పాక నా తల ఉంటుందా మహాప్రభూ?"

"ఉంటుంది. చెప్పు."

ఓబళయ్య చెప్పలేదు. మానికను గుల్లగా నింపి, కత్తితో గీసి, రాజు చేతికే ఇచ్చి తొట్టి అంచు మీద పెట్టించాడు. గవాక్షంలోంచి పైకి కేకేశాడు. "ఒక్క బిరుదు! ఒక్కటే!"

"రణభైరవ!" అని పైన అరిచారు. ధమ్మని దెబ్బ పడింది. పిండి దిగింది.

"ఇంకొకటి!"

"కీర్తిదిగంత!" ధమ్. ఇంకాస్త దిగింది. ఆపమంటే ఆగింది. మళ్ళీ మోగమంటే మళ్ళీ దిగింది.

తన తండ్రి గదిలో తిరిగే దయ్యం పేరు రాజుకు అర్థమైంది. అది తన పేరే. ఆయన ముఖం ఎర్రబడింది, చేయి కత్తి మీదికి వెళ్ళింది. బయట ఇటుకల దగ్గర నిలబడ్డ తాపీవాళ్ళకు కూడా లోపలి మాటలు వినపడుతున్నాయి. మాచమ్మ ప్రాణం, తన ప్రాణం ఇప్పుడు చెప్పబోయే మాట మీదే ఉన్నాయని ఓబళయ్యకు తెలుసు.

"ఏలినవారి బిరుదులు ఎంత గొప్పవో ఇవాళ కళ్ళారా చూశాను" అన్నాడు వినయంగా. "ఇన్నాళ్ళూ కొరడాకు భయపడి మనుషులు తల వంచుతున్నారనుకున్నాను. ప్రాణం లేని పిండి కూడా మీ బిరుదు వినపడగానే తల దించుకుంటోంది!"

రాజు మూతి వంకర తిరిగింది. కోపమో, నవ్వో తెలియలేదు.

"అయితే ఒక్క మనవి మహాప్రభూ. తల దించుకున్నంత మాత్రాన దాని బరువు చిటికెడైనా తగ్గలేదు. త్రాసు మీరే చూశారు. మాచమ్మ కూడా మీ ముందు తల దించుకునే నిలబడింది."

రాజు మానిక వైపు చూశాడు. త్రాసు వైపు చూశాడు. తన భుజాల మీద పిండి చూసుకున్నాడు. ముందు చిన్నగా, తరవాత పగలబడి నవ్వాడు. నవ్వుతుంటే మీసాల మీది పిండి రాలింది. గుమ్మం అవతల తాపీవాళ్ళకు అది మళ్ళీ దయ్యమేమోనని గుండె జారింది.

మాచమ్మను అప్పుడే విడిపించారు. త్రాసులు వంటశాలకు తిరిగి వచ్చాయి. నగారాను కోట బయట గుట్ట మీదికి దింపించి, దాని కిందనే కాలకంఠాచారికి ఇల్లు కట్టించి ఇచ్చారు. ఆయన వద్దని ఎంతో మొత్తుకున్నాడు. అక్కడైతే దయ్యాల రాకపోకలు బాగా తెలుస్తాయని రాజు సర్దిచెప్పాడు.

"నీకేం కావాలో కోరుకో" అన్నాడు రాజు ఓబళయ్యతో.

"నా బరువుకు సరిపడా మాచమ్మ చేతి అప్పాలు. తూచి ఇప్పించండి. కొలిచి వద్దు."

రాజు మళ్ళీ నవ్వి సరేనన్నాడు.

కథ ఇక్కడ ఆపేస్తే నాకూ సుఖమే. కానీ జరిగింది దాచడం నాకు చేతకాదు.

ఆ సాయంత్రమే తొట్టిని ఖాళీ చేసి, పిండి మళ్ళీ జల్లించి, ఈసారి ముందుగా తూచి పోశారు. రాజు కత్తితో గీశాడు, ముద్ర అద్దాడు, తాళం వేసి తాళంచెవి మెడలో వేసుకున్నాడు. గది మీద నగారా లేదు. కోటంతా నిశ్శబ్దంగా ఉంది.

ఆబ్దికం పొద్దున తలుపు తీశారు. పిండి అంచుల దాకా నిండుగా ఉంది. గీత గీతలాగే ఉంది. ముద్ర ముద్రలాగే ఉంది. మంచం వైపున్న అంచు దగ్గర మాత్రం చిన్న గుంట. మూడు వేళ్ళు కలిపి తీసినట్టు.

ఓబళయ్య తూచాడు. మళ్ళీ తూచాడు. ఒక్క అప్పానికి పట్టే పిండి తగ్గింది.

కాలకంఠాచారి నోరు తెరవబోయాడు. రాజు చెయ్యెత్తి ఆపాడు.

"ఇది గాలేనా ఓబళయ్యా?"

"కాదు మహాప్రభూ" అన్నాడు ఓబళయ్య. కొలువులో చేరాక హాస్యం లేకుండా మాట్లాడింది అతను అదొక్కసారే. "గాలి పోతే బరువు తగ్గదు."

రాజు ఆ గుంట దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నిన్నటి భయం ఆయన ముఖంలో ఎక్కడా లేదు. కళ్ళు తుడుచుకుని, "తిన్నారు" అన్నాడు. మాచమ్మ చేసిన మొదటి అప్పాన్ని తానే తెచ్చి, వేడిగా ఉండగానే మంచం మీద పెట్టాడు.

మధ్యాహ్నం అందరి ముందూ ఓబళయ్యను పెద్ద తక్కెడలో ఒకవైపు కూర్చోబెట్టి, రెండో వైపు అప్పాలు పోశారు. చేసినవన్నీ వేశాక కూడా ముల్లు కొంచెం ఓబళయ్య వైపే మొగ్గి ఉంది. మాచమ్మ బుట్ట బోర్లించి చూపించింది. ఒక్క అప్పం తక్కువ.

"ఆ ఒక్కటీ నాన్నగారి వాటా" అని నవ్వాడు రాజు. వేలి నుంచి రాజముద్ర ఉంగరం తీసి అప్పాల మీద పెట్టాడు. ముల్లు నిటారుగా నిలబడింది.